మా ఎద్దు పోయిందన్న చాటింపు

మొన్న ఫోన్ పోయిందనుకుని, "మామయ్య పేరుతో ఏమొచ్చినా నమ్మకండి" అని మన బడి మిత్రుల ఫోరంలో కోడలితో రాయించాను. ఫోన్ పరుపు కింద దొరికింది. ఆ మాట తీసేయించాను. కానీ అది మన సర్వర్‌లో మాత్రమే చెరిగిందట. నకళ్లు చేరిన మిగతా సర్వర్లలో అట్లే ఉంది. అది నమ్మి అక్కడి మిత్రులెవరూ నాకు జవాబివ్వడం లేదు.

దిగులుగా చూస్తుంటే డప్పు చప్పుడు గుర్తొచ్చింది. మీకూ గుర్తుండాలి. చిన్నప్పుడు మా ఎర్ర ఎద్దు కనపడక మా నాన్న, బాపు, దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్లన్నిటా డప్పు కొట్టించి చాటింపు వేయించాడు. తెల్లారి ఎద్దు తనే ఇంటికొచ్చింది. పక్క ఊళ్లకు ఆ సంగతి తెలియలేదు. ఆ ఎద్దును కట్టుకుని అంగడికి పోతుంటే అక్కడివాళ్లు మా బండి ఆపారు.

"గిది పోయిన ఎద్దు గదా! యాడికెల్లి కొట్టుకొచ్చినవ్?"

"నాదే తమ్మీ, ఇంటికొచ్చింది."

"దొంగలందరు గట్లనే అంటరు!"

తవుడు బస్తా మీద కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఉన్న ఒక అవ్వ, "ఇడిసి సూడుండ్రి, ఎవలెంట వోతదో" అంది. విప్పగానే ఎద్దు బాపు దగ్గరికి పోయి భుజం నాకింది.

నేను నేనేనని చూపడానికి ఇప్పుడు నా దగ్గర ఎద్దు లేదు. మన బడిలో చదివినవాళ్లు ఎవరైనా ఇది చూస్తే, నేనా కాదా తేల్చుకోవడానికి బడి నాటి సంగతి ఒక్కటి అడగండి. ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను.