నేను రుచి చూడని వెర్మెంటీనో

ఇప్పటికీ ఆ సీసా ఎక్కడైనా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. పాపం, తప్పు దానిది కాదు. వెర్మెంటీనో అనే తెల్ల వైన్ అది. ఇటలీ వాళ్ల సార్డీనియా దీవిలో, ఈశాన్య మూలనున్న గాల్లూరా ప్రాంతపు రాతినేలల్లో ఆ ద్రాక్ష బాగా పండుతుంది. సముద్రపు గాలి ఆ తోటలను వదలదట. అందుకే వైన్‌లో ఓ పిసరు ఉప్పదనం. ఇంత చెబుతున్నాను గానీ, ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోలేదు.

నేను కెనడాలోని సార్నియా అనే ఊళ్లో చదువుకున్న రోజులవి. కాలేజీ నిండా మన పిల్లలే. ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వీధి మలుపు దాకా లైను. నాకు ఒక ఇటాలియన్ రెస్టారెంటులో గిన్నెలు కడిగే పని దొరికింది, కొన్నాళ్లకు సర్వర్‌ని చేశారు. ఓనరు కొత్త వైన్ వస్తే అందరికీ రుచి చూపించేవాడు. మేం కోస్తా క్రైస్తవులం. మా చర్చిలో ప్రభువు బల్లకి కూడా వైన్ కాదు, ఉత్త ద్రాక్షరసమే. తాగనన్నాను. తాగకుండా ఎలా అమ్ముతావని నవ్వాడు.

ఆ నవ్వుకి కోపమొచ్చి ముక్కుతోనే నేర్చుకున్నాను. నిమ్మతొక్క వాసన పట్టాను. చివర్లో బాదం పొట్టు చేదు తగులుతుందని వంటాయన చెప్పాడు. వాళ్లు కొయ్యంగ చేప జనను, అంటే గుడ్ల తిత్తిని, ఉప్పుపెట్టి ఎండబెట్టి పాస్తా మీద తురుముతారు. ఉప్పుచేప తిని పెరిగినదాన్ని, దాని పక్కన ఏం పెట్టాలో నాకొకరు చెప్పాలా? దానికీ, కాల్చిన చేపకీ, ఆల్చిప్పల పాస్తాకీ వెర్మెంటీనో. గొర్రె మాంసానికి మాత్రం అదే దీవి ఎర్ర వైన్, కాన్నొనావు. నెల తిరగకుండా ఓనరు కస్టమర్లను నా దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు.

ఆదివారాలు తెలుగు ప్రార్థనకి వెళ్లేదాన్ని. అక్కడ క్వయర్‌లో పాడటం ఒక్కటే ఆ ఊళ్లో నాదనిపించిన పని. బస్సులుండవు కనక ఒక సంఘపెద్ద గారి భార్య కారులో తీసుకెళ్లి, దింపేది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. డబ్బాలో కూర పెట్టకుండా ఏనాడూ దింపలేదు.

ఒక శుక్రవారం ఆంటీ భర్త, ఆ సంఘపెద్దే, కెమికల్ ప్లాంటులో ఇంజనీరు, తన ఆఫీసు వాళ్లతో మా రెస్టారెంటుకి వచ్చాడు. నన్ను చూసి కూడా ఎరగనట్టు, చేపకి ఏ వైన్ బాగుంటుందని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. పోశాను. రెండు గ్లాసులు తాగి, బాగుందన్నాడు. వెర్రిదాన్ని, పొంగిపోయాను కూడా.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఆయనే మొదలెట్టాడు. ఆంటీ ఆయన పక్కనే ఉంది.

“వైన్ సర్వ్ చేసే చేతులతో దేవుని సన్నిధిలో నిలబడటం కరెక్ట్ కాదమ్మా. ఆ జాబ్ మానేసేదాకా క్వయర్‌కి బ్రేక్ తీసుకో.”

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. పాడేది చేతులతోనా? పోసిన చెయ్యి మైలపడిందట, తాగిన నోరు మాత్రం బైబిలు వాక్యం చదవొచ్చట. అద్దె కట్టేది ఎవరు, నేనా ఆయనా?

“చేపతో బాగుందన్నారు కదా అంకుల్, రెండో గ్లాసు మీరే అడిగారు” అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. అప్పటికి కడుపు చల్లబడింది నాకు. ఆంటీ తల వంచుకుని పైటకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అయినా ఆవేళ కూడా నన్ను తనే దింపింది. ఇంటి ముందు ఆపి, స్టీరింగ్ వదలకుండా అంది.

“ఆయన తాగుతారని పెళ్లైన కొత్తలోనే తెలుసమ్మా నాకు. ఇరవయ్యేళ్లు ఎవరికీ తెలీకుండా లాక్కొచ్చా.”

నేను సారీ చెప్పలేదు. నా తప్పేముందన్న కోపం అప్పటికింకా తగ్గలేదు.

తర్వాతి ఆదివారం, నేను ఉద్యోగం మానకపోయినా, నన్ను మళ్లీ పాడమన్నారు. పెద్దాయన ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని తలాడించాడు. మొహం చెల్లక ప్రార్థనకి రావడం మానేసింది ఆంటీ ఒక్కతే.