బడా బజార్ టైము

ఆ రోజుల్లో నాకు లోకం మీదున్న కోపమంతా గడియారాల మీదే చూపించేవాణ్ణి. బరంపురంలో ఏ ఇంటికెళ్లినా గోడ గడియారం ముందుకే నడిచేది. రైలు తప్పిపోతుందనో, పిల్లలకు బడి ఆలస్యమవుతుందనో ఎవరో ఒకరు ముల్లు కాస్త ముందుకు తిప్పి ఉంచేవారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి అందరూ ఆ కాస్తా మనసులో తీసేసుకుని తీరిగ్గానే బయల్దేరేవారు. అలాంటి ఊరికి సరైన టైము నేర్పడానికే నేను పుట్టానని గట్టి నమ్మకం. (నా చేతికి వాచీ లేదు, అది వేరే సంగతి.)

బడా బజార్‌లో ఒక ఆన్‌లైన్ పరీక్షల సెంటర్‌లో నా మొదటి ఉద్యోగం. పరీక్షకు కాస్త ముందు గేటు తాళం కంప్యూటరే వేసేది. సర్వర్ ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునేది, నెట్ పోతే దాని గడియారం మెల్లగా దారి తప్పేది. దాన్ని నమ్మకంగా పనిచేయించే బాధ్యత మా ఓనరు సారు నాకు అప్పజెప్పారు. నేను రాసిన ప్రోగ్రాం గొప్పతనం ఏమిటంటే, నెట్ పోగానే సర్వర్ తన టైమును సారు కంప్యూటర్‌తోనూ, కౌంటర్‌లో కూర్చునే అక్క కంప్యూటర్‌తోనూ పోల్చుకుంటుంది. మూడింట్లో రెండు ఏది చెబితే అదే నిజం. ఒకటి అబద్ధం చెప్పొచ్చు గానీ, రెండూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయా అని నా భుజం నేనే తట్టుకున్నాను.

నర్సింగ్ ప్రవేశ పరీక్ష రోజు పొద్దున్నే నెట్ పోయింది. నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. కాసేపటికి గేటు దానంతటదే మూసుకుంది. బయట ఉప్పుమడుల ఊరు హుమ్మ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు నిలబడిపోయారు. "ఇంకా టైమున్నాది గదన్నా, నా ఫోన్ సూడు," అంది ఆ అమ్మాయి. "మూడు కంప్యూటర్ల మాట కన్నా నీ ఫోన్ ఎక్కువామ్మా," అన్నాను, ఎంత తెలివో నాది. తల్లి గేటు ఊచలు పట్టుకుంది. "బాబూ, ఉప్పుమడిలో పని మానీసి తీసుకొచ్చినాను. ఇది రాయకపోతే రేపట్నుంచి దీన్నీ ఆ మడిలోకే దింపాలి," అంది. లోపలికి పరుగెత్తాను.

చూస్తే సర్వర్ మొదట చెప్పిన టైము, ఆ పిల్ల ఫోన్ టైము ఒక్కటే. మిగతా రెండు కంప్యూటర్లూ పావుగంట ముందున్నాయి. "మీరు పెందలాడే వస్తారని నేనే తిప్పీసినాన్రా. మనిళ్లలో ఉన్నదే గదా," అన్నారు సారు తాపీగా. "సారుది సూసే నాదీ తిప్పీసినాను. నేకపోతే సాయంత్రం ఇంటికెప్పుడెల్తాను?" అంది అక్క. ఒకరు మమ్మల్ని తొందరగా రప్పించడానికి, ఒకరు తాను తొందరగా వెళ్లిపోవడానికి; నిజం చెప్పిన పాపానికి సర్వర్ ఒంటరిదై ఓడిపోయింది. నేను టైము వెనక్కి తిప్పేసరికి సారే వెళ్లి గేటు తీశారు. "ఎల్లమ్మా, ఎల్లు. తప్పు మాది," అన్నారు. ఆ పిల్ల పరుగున లోపలికెళ్లి కూర్చుంది.

తర్వాత ప్రోగ్రాం మళ్లీ రాశాను. ఒకదాన్ని చూసి ఇంకొకటి తిప్పుకోని చోట్లనే టైము అడగాలి. నెట్ లేనప్పుడు సర్వర్ తన లెక్కన తాను నడవాలి. తేడా వస్తే ఒక్కసారి గెంతకుండా మెల్లగా సర్దుకోవాలి. ఆ తర్వాత గేటు ఎవరినీ ముందుగా ఆపలేదు. సీటొచ్చిందని చెప్పడానికి ఆ తల్లీకూతుళ్లు మిఠాయితో వచ్చారు. ఆ అమ్మాయి గేటు దగ్గరే ఆగి, "ఇప్పుడు మీ టైమెంతన్నా? రావచ్చా?" అంది. నవ్వలేక చచ్చాను.

ఇప్పటికీ నా బతుకుతెరువు కంప్యూటర్లకు సరైన టైము చెప్పడమే. మా ఇంట్లో గోడ గడియారం మాత్రం పావుగంట ముందుంటుంది. మొన్న మా ఆవిడ సరిచెయ్యబోతే "ఉండనీ" అన్నాను. తిప్పింది నేనే మరి, రైలు అందుకోవాలి కదా.