అక్క కోసం కొయ్యని గడ్డి

మా అక్క దర్జీ కొట్లో కాజాలు కుడుతుంది. వారమంతా తల ఎత్తదు. సెలవు రోజు వస్తే మాత్రం రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని ఊరవతల చిత్తడినేలకు బయలుదేరుతుంది. ఎందుకయ్యా అంటే, పువ్వు కోసం. పోనీ కోసుకొస్తుందా? అదీ లేదు. చూసి వస్తుందట! మా ఇద్దరిదీ ఒకటే గది. ఆ బూట్ల బురద కడగలేక నా నడుము పడిపోతోంది. మీ అక్క పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, బురదతో ఎప్పుడో అయిపోయిందని నేనే చెబుతుంటాను.

ఆ పువ్వు ఆర్కిడ్డే గానీ, పూలకొట్లో అద్దాల వెనక కులికే రకం కాదు. జానెడు కాడ, దాని మీద చిన్న చిన్న తెల్లటి పూలు, ఒక్కో పువ్వు వెనక దారంలాంటి సన్నటి తోక. పొద్దు వాలితే వాసన వేస్తుంది. ఊబి అంచున, నీరు ఊరే పచ్చికలో తప్ప బతకదు. వయసులో ఉన్నప్పుడు అక్క ఓసారి నన్ను కూడా లాక్కుపోయి చూపించింది. నేను మోకాలిదాకా దిగబడి లబోదిబోమంటుంటే, తను దాని ముందు కూలబడి ఊరికే నవ్వుతోంది. అంత సంతోషం ఆ మొహంలో నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. కాస్త కుళ్ళుకున్నాను కూడా.

ఆ నేల ఒక పాడి రైతుది. ఏటా అక్కడి గడ్డి కోసి తన ఆవులకు వేసుకునేవాడు. ఆ రోజు కొడవలి పట్టుకుని ఆయన వస్తుంటే, అక్క చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

"మీకు పుణ్యముంటుంది, ఈ ముక్క కొయ్యకండి."

ఆయన పువ్వు వంక చూడలేదు, అక్క వంకే చూశాడు. "సరేలెండి, మీ మాట ఎందుకు కాదనాలి?" అన్నాడు.

అన్నమాట తప్పలేదు. చుట్టూ కోసుకుపోయేవాడే తప్ప ఆ ముక్కలో కొడవలి పెట్టలేదు. గడ్డి నడుమెత్తు పెరిగింది, తుంగ కమ్ముకుంది. పూలు ఏటికేడు తగ్గుతూ వచ్చి, చివరికి ఒక్కటీ కనబడకుండా పోయాయి. అక్క వెతకడం మానితేగా! కర్రతో నేల పొడిచి చూసుకుని అడుగు వేసేది, వంగి రెండు చేతులతో గడ్డి పాయలు తీసేది. ఆయన గట్టు మీద కూర్చుని, "ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. వచ్చే ఏడు తప్పకుండా పూస్తుంది," అనేవాడు. ఆ మాట మూటగట్టుకుని ఇంటికొచ్చేది పిచ్చిది. అలాగే ఇద్దరికీ తల నెరిసింది. సాయంత్రాలు కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆ వాసన నీకు గుర్తుందే?" అని అడిగేది. నాకు గుర్తులేదు. ఉందనే చెప్పేదాన్ని.

ఈ ఏడు నన్నూ తోడు రమ్మని ప్రాణం తీసింది. "నన్నక్కడ పాతిపెట్టడానికా?" అని సణుగుతూనే వెళ్ళాను. ఈసారి ఆయన నేల దాటి, కాలవ అవతలున్న ఎవరిదో మేతభూమి దాకా నడిచాం. అక్కడ ఆవులు కొరికేసిన పొట్టి గడ్డిలో గుంపుగా ఆర్కిడ్లు! తెల్లవి కావు, ఊదారంగువి. వాసనా లేదు. అయినా నేను ఎగిరి గంతేశాను.

అక్క గంతెయ్యలేదు. ఆ పొట్టి గడ్డి వంక చూసింది. కాలవ ఇవతల నడుమెత్తు గడ్డి వంక చూసింది. మొహం పాలిపోయింది.

"ఎండ తగలనివ్వలేదే దానికి! కొయ్యొద్దని చెప్పి నేనే చంపేసుకున్నాను."

అక్కణ్ణుంచి తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. "ఆ ముక్క కోసెయ్యండి. గడ్డే దాన్ని మింగేసింది," అంది.

ఆయన తల వంచుకుని అన్నాడు: "నాకు తెలుసు. ఎప్పుడో తెలిసింది."

"తెలిసీ వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ వచ్చారా?"

"కోసేస్తే అక్కడేం లేదని తేలిపోతుంది. ఇంక మీరు రారేమోనని..."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచేలోగా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"పువ్వు లేకపోయినా వస్తావా అని ఒక్కసారి అడగొచ్చుగా! ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు తెరిచి అడిగితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన కొడవలి తెచ్చి కొయ్యడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ముక్కంతా బయటపడింది. నల్లటి బురద, పాలిపోయిన గడ్డి మొదళ్ళు, అంతే. అడుగున ఎక్కడైనా దుంప బతికుంటే, ఎండ తగిలితే, కొన్నేళ్ళకు మళ్ళీ పూస్తుందేమో. మా అక్కకు అన్నేళ్ళున్నాయో లేవో ఎవరికి తెలుసు? ఇంటిదారి పొడవునా తను వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. నాకూ ఏడుపొచ్చింది.

మళ్ళీ సెలవు రోజు వచ్చింది. నేను లేచేసరికి అక్క తల దువ్వుకుని తయారుగా ఉంది.

"ఇంకా అక్కడేం వెతుకుతావక్కా?" అని కసిరాను.

"వెతకడానికి కాదే," అంది. "కోసిన గడ్డి ఎండేలా తిరగెయ్యాలి. ఒక్కడి వల్ల ఎక్కడవుతుంది?"