హీరో నాన్న చావడు

మా ఆయన జాన్సన్‌తో సూపర్‌హీరో సినిమాకి వెళ్లడమంత నరకం ఇంకోటి లేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆఫీసులో పట్టినవి చాలక థియేటర్లోనూ పడతాడు. "బెల్టు గిట్ల ఉండది", "ముసుగు రంగు తప్పు" అని నా చెవిలో గొణుగుతుంటే ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. నన్నెందుకు చూస్తారో నాకర్థం కాదు.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఇనుపరెక్కల వీరుడితో. ఈయన చిన్నప్పుడు వాళ్ల నాన్న, అంటే మా మామయ్య, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో హీరో అట. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవారట. ఇల్లు మారినప్పుడు పుస్తకం పోయింది కానీ కథంతా ఈయనకి నోటికొచ్చు. ఆ వీరుడి మీద ఇప్పటికి మూడు సినిమాలొచ్చాయి. మూడింట్లోనూ మొదట్లోనే వీరుడి తండ్రి చచ్చిపోతాడు. మూడుసార్లూ మా ఆయన ఒంటికాలిమీద లేచాడు.

"అసలు కథల నాయిన సావడు. డ్యూటీకి పోయి పొద్దుగాల ఇంటికొస్తడు. గది గూడ చూసుకోరా?"

మొన్న మూడోది ఆఫీసు టీమంతా కలిసి చూశారు. అచ్చం కామిక్‌లాగే తీశారని కొలీగ్ ఆకాష్ అన్నాడట. పుస్తకం తెచ్చి చూపిస్తానని ఈయన అందరిముందూ సవాలు చేసి వచ్చాడు. ఇక ఎప్పుడో పోయిన ఆ పుస్తకం కోసం మణికొండలో మా ఫ్లాటు తలకిందులైంది. అటక మీది సూట్‌కేసులన్నీ ఆయన దింపాడు, మళ్లీ ఎక్కించింది నేను. ప్రాణం విసిగి, ఆ పాత సంచిక ఆన్‌లైన్లో వెతికి నేనే తెప్పించాను.

అట్ట చూడగానే "ఇదే" అన్నాడు. రెండో పేజీ తిప్పాడు. తండ్రి చచ్చి పడున్నాడు, పక్కన పిల్లాడు ఏడుస్తున్నాడు.

"వేరే ఎడిషన్ కావచ్చు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తప్పని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది జాన్సన్?"

"నాయిననడుగుదాం పా. చదివి చెప్పింది ఆయననే."

మామయ్య సామ్యేలు మాతోనే ఉంటారు. బాలానగర్ ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. పుస్తకం చేతిలో పెడితే బొమ్మలు చాలాసేపు చూశారు.

"నాకు ఇంగ్లీషు యాడొచ్చురా. బొమ్మలు చూసుకుంట నేనే అల్లి చెప్పిన."

ఇంత తేలాక ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. "సచ్చిపోయిండని బొమ్మల సాఫ్ కనబడుతున్నది గద నాయినా. మరెందుకు మార్చినవ్?"

మామయ్య పుస్తకం మూసేశారు.

"మీ అమ్మ పోయి అప్పటికి నెల గూడ కాలే. నేను నైట్ డ్యూటీకి పోవాలె. కథల నాయిన గూడ సచ్చిండని చెప్తే, నువ్వు నన్ను గడప దాటనిస్తుంటివా?"

జాన్సన్ ఆ పుస్తకం ఆఫీసుకి తీసుకెళ్లలేదు. తనదే తప్పని ఆకాష్‌తో చెప్పేశాడట. నా దగ్గర మాత్రం, మూడు సినిమాలూ తప్పే తీశారంటాడు.

తప్పే తీశారన్నాను నేను కూడా.