బెరెంబాంగ్ చెట్టు మీది తమ్ముడు

మా ఏటి ఒడ్డున ఉప్పునీటి బురదలో పెరిగే బెరెంబాంగ్ చెట్లు బోలెడున్నాయి. మిణుగురులు మాత్రం తమకు నచ్చిన చెట్ల మీదే వాలతాయి. మా రేవు ఎదుటి చెట్టు అలాంటిది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేసరికి చెట్టు చెట్టంతా ఒక్కసారిగా వెలుగుతుంది, ఒక్కసారిగా ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు. కింద నీళ్ళల్లో ఇంకో చెట్టు తలకిందులుగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

మిణుగురులు చచ్చిపోయినవాళ్ళ గోళ్ళని మా ఊళ్ళో నమ్ముతారు. అవన్నీ పిచ్చి మాటలని ఇమాం ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మమ్మ చెవిన పెట్టలేదు. "ఆయన కొడుకు ఏట్లో లేడుగా," అనేది.

ఏట్లో ఉన్నది మా మామ దరుస్. అమ్మమ్మ ఆఖరి కొడుకు. వానాకాలంలో పడవ బోల్తా పడి కొట్టుకుపోయాడు. మనిషి దొరకలేదు. స్నానం చేయించడానికి ఒళ్ళు లేదు, మట్టి చేయడానికీ ఏమీ లేదు. గోళ్ళు మాత్రం చెట్టు మీదున్నాయి. అమ్మమ్మ రోజూ సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని ఆ చెట్టుతో కబుర్లు చెప్పేది. అన్నం మాడిందనీ, కప్పు కారుతోందనీ.

నేను రాయాలనుకున్నది అమ్మమ్మ గురించి కాదు, మా పిన్ని కల్సుమ్ గురించి. అప్పటికి నేను పుట్టలేదు. అమ్మ చెప్పిందీ పిన్ని చెప్పిందీ కలిపి రాస్తున్నాను. కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి కాబట్టి శాస్త్రం సంగతి నాకు అర్థమైనంతే చెప్తాను. తప్పుంటే తప్పు నాది.

మా ఏటి పొడుగునా జీవరసాయనం చదివిన మొదటి ఆడపిల్ల పిన్ని. చిన్నప్పుడు మిణుగురుని గుప్పిట్లో పట్టుకుని, చెయ్యి కాలలేదేమిటని అడిగిందట. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రాజధాని దాకా, అక్కణ్ణుంచి సముద్రం దాటి ఇంకో దేశం దాకా వెళ్ళి చదువుకుని వచ్చింది. తిరిగొచ్చాక యూనివర్సిటీలో కిటికీ లేని ఒక గది ఇచ్చారు. ఆ విభాగంలో మొదటి ఆడమనిషి ఆమే. మగ పంతుళ్ళు మీటింగులో ఆమెకేసి చూసి కాఫీ ఏదని అడిగేవాళ్ళు. వెనకాల మిణుగురుల మేడమ్ అనేవాళ్ళు. పిన్ని పట్టించుకునేది కాదు. ఆమెకు చీకటి గదే కావాలి.

పిన్ని కనిపెట్టాలనుకున్నది ఇదీ. మిణుగురు తోకను ఎండబెట్టి నూరి నీళ్ళల్లో కలిపితే కాసేపు వెలిగి ఆరిపోతుంది. అందులో ప్రాణమున్నది ఏదైనా కలిపితే మళ్ళీ వెలుగుతుంది. అంటే ఏ బావి నీళ్ళల్లో కంటికి కనపడని పురుగు బతుకుతోందో ఆ వెలుగు చెప్పేస్తుంది. ఏటా వానాకాలంలో మా ఏటి ఊళ్ళల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుని పిల్లలు పోయేవాళ్ళు. ఏ బావి మంచిదో, ఏది చెడ్డదో తాగితేగానీ తెలిసేది కాదు. విదేశం నుంచి తెప్పించిన పొడి ఓడ దిగేసరికే ఎండకు పాడయ్యేది. ఇక్కడి మిణుగురులే కావాలి, చాలా కావాలి.

ఊరికొచ్చి అడిగింది. ప్రతి చెట్టు మీదా ఎవరో ఒకరి తాలూకు చచ్చిపోయినవాళ్ళే. పడవ నడిపే లెమాన్ తాత ఎగాదిగా చూశాడట.

"మీ తమ్ముణ్ణి వదిలేసి మా నాన్నని నూరుకుంటావా అమ్మాయీ?"

పిన్ని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి అమ్మమ్మను అడిగింది. అమ్మమ్మ చేపలు శుభ్రం చేస్తూ తల ఎత్తలేదు. చెట్టు మీదవాటి జోలికి వెళ్ళొద్దంది. వాటంతట అవి రాలినవి తీసుకో, అవి వాడు ఇచ్చినట్టు అంది.

రాలినవి ఏటి పాలు, చీమల పాలు. పిన్ని పడవ మీద దోమతెర పరిచి చెట్టు కింద కట్టేది. పొద్దున్నే చూస్తే ఆకులు, పూల కేసరాలు, అక్కడక్కడా ఒకటో రెండో మిణుగురులు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. ఇలా ఏళ్ళు గడిచాయి. వలేసి పట్టి ఉంటే ఒక్క ఏడాదిలో పని అయిపోయేది. ఈ మాట నేను పెద్దయ్యాక పిన్ని మొహం మీదే అన్నాను, ఆవిడ నవ్వింది.

చివరికి చిటికెడు పొడి పోగైంది. ఒక్క గాజు గొట్టానికి సరిపడా. పిన్ని దాన్ని యూనివర్సిటీలో చూపించలేదు, ఇంటికి తెచ్చింది. మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసి, వాటి మీద నడుముకు చుట్టుకునే సారోంగులు వేలాడేసి గది చీకటి చేసింది. అమ్మమ్మ బుగ్గ లోపల దూదితో తుడిచి, దాన్ని వేడినీళ్ళల్లో ముంచి, ఆ నీళ్ళు చల్లారాక ఒక చుక్క గొట్టంలో వేసింది.

గొట్టం వెలిగింది. పచ్చగా, మెత్తగా. అమ్మమ్మ మొహం మీద ముడతలన్నీ కనపడ్డాయని అమ్మ చెప్పింది.

"ఇది వాడిదా?" అంది అమ్మమ్మ.

"పొడి వాడిది. అది వెలిగింది నీ వల్ల."

"అంటే వాడొక్కడే వెలగలేడా?"

"లేడమ్మా. ప్రాణమున్నది ఏదో ఒకటి తోడుండాలి."

"నేను పోయాక?"

"ఎవరిదైనా సరే. ఏ పిల్లాడిదైనా సరే."

అమ్మమ్మ గొట్టం రెండు చేతుల్లో పట్టుకుని అది ఆరిపోయేదాకా కూర్చుంది. చల్లగానే ఉందే అని ఒక్కసారి అంది. తర్వాత లేచి కిటికీలు తీసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నమాజు చేసుకుని, తలగుడ్డ బిగించి, తనే వెళ్ళి పడవెక్కింది. లెమాన్ తాత చేతిలోంచి గెడ లాక్కుని ఆయన్ని ఒడ్డునే ఉంచేసింది. అమ్మా, పిన్నీ వెనక ఎక్కారు. పోటు మీదుంది ఏరు. పడవ చప్పుడు లేకుండా వెళ్ళి చెట్టు కింద ఆగింది. కొమ్మలన్నీ వెలిగి ఆరుతుంటే, కింద వీళ్ళ ముగ్గురి మొహాలూ కనపడుతూ మాయమవుతూ ఉన్నాయట. పిన్ని వల పట్టుకుని నిలబడింది. చెయ్యి లేవలేదు. అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి బొమ్మలా అయిపోయింది.

"పట్టవే, దోమలు కుట్టి చంపుతున్నాయి," అంది అమ్మమ్మ.

పిన్ని అప్పటికీ కదల్లేదు. అమ్మమ్మ గెడ పడవలో పెట్టేసి, ఒక కొమ్మ అందుకుని మెల్లగా కిందకి వంచింది. బడికి పంపే పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"దరుస్, అక్క వచ్చిందిరా. వెళ్ళు."

ఆ ఏడు మా చెట్టు మసకబారింది. కొమ్మల మధ్య చీకటి కంతలు కనిపించేవి.

వానలు పడ్డాక పిన్ని గొట్టాల పెట్టె పట్టుకుని వచ్చి ఇంటింటి బావి నీళ్ళూ చూసింది. కొన్ని వెలగలేదు, కొన్ని అంతంత మాత్రంగా వెలిగాయి. ఊరంతా వాడుకునే బావి నీళ్ళకి గొట్టం పట్టపగలే తెలిసేంతగా వెలిగింది. జనం నమ్మలేదు. మా తాతల నాటి బావి, తియ్యటి నీళ్ళు, గాజు గొట్టం చెప్తే మానేస్తామా అన్నారు. పిన్ని శాస్త్రం చెప్పబోయింది. అమ్మమ్మ ఆమెను పక్కకి జరిపి, గొట్టం తీసుకుని అందరి ముందూ ఎత్తి పట్టింది.

"తాగొద్దంటున్నాడు మా వాడు. కనపడట్లేదా మీకు?"

ముందు కదిలింది లెమాన్ తాతే. పడవలోని పలకలు విప్పి తెచ్చి బావి మీద అడ్డంగా పరిచాడు.