ముందు టోపీ, తర్వాత మనిషి

ఆ టోపీని పైక్ కోపంతో లాక్కుపోయాడా, గుర్తుగా దగ్గర ఉంచుకుందామని పట్టుకుపోయాడా? ఇన్నేళ్ళుగా ఎటు తిప్పి చూసినా ఈ ప్రశ్నకు నాకు జవాబు చిక్కలేదు. టోపీ పోగొట్టుకున్న ఇవాసె తొకుజీకీ చిక్కలేదు. ఆ తర్వాత అతను పంతొమ్మిదేళ్ళు బతికాడు. కుస్తీ కంపెనీ బస్సు మానేసి సెందాయ్‌లో ఒక పిల్లల బడి బస్సు నడిపాడు. బడివాళ్ళు కొత్త టోపీ ఇస్తే పెట్టుకోలేదు. డ్రైవరన్నాక టోపీ ఉండాలని వాళ్ళు నసిగితే, తనకు పడదనీ నెత్తి మీద దద్దుర్లు లేస్తాయనీ అబద్ధమాడాడు. ఇంటి గుమ్మం పక్కన టోపీ తగిలించే కొక్కేన్ని మాత్రం పీకనివ్వలేదు. భార్య సుమియె దానికి గొడుగు తగిలిస్తే, తీసి గోడకు ఆనించేవాడు.

తొకుజీ మొదట అయిజు కొండల్లో కలప లారీలు తోలాడు. చక్రాలకు గొలుసులు చుట్టి, మంచులో దుంగల బరువుతో ఘాటీ దిగడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. నలభై దాటాక కుస్తీ కంపెనీవాళ్ళు పిలిచి విదేశీ వస్తాదుల బస్సు అప్పజెప్పారు. ఊరూరా తిరిగే ఆ కంపెనీకి రెండు బస్సులు. మనవాళ్ళు ఒకదాన్లో, పరదేశీలు ఒకదాన్లో. నిన్న బరిలో ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని దొర్లినవాళ్ళు ఇవాళ పొద్దున ఒకే బల్ల దగ్గర నూడుల్స్ జుర్రుకుంటూ కనబడితే, టికెట్టు కొన్నవాడి మొహం ఏమవుతుంది? అందుకని బస్సులు వేరు, బసలు వేరు, తిళ్ళు వేరు. పరదేశీల బస్సులో జపానువాళ్ళు ఇద్దరే. ఒకడు తొకుజీ. రెండోవాడు మినోబె. పగలు వాళ్ళకు మాటసాయం చేస్తూ, సాయంత్రం చారల చొక్కా తొడుక్కుని బరిలో రిఫరీగా నిలబడేవాడు.

పైక్‌ది కెనడా. డ్రైవరు వెనక మొదటి సీటు అతనిది, మోకాళ్ళు ఇంకెక్కడా పట్టవు కాబట్టి. పత్రికలవాళ్ళు ‘మంచు ఎలుగు’ అని పేరు పెట్టారు. చెడ్డవాడి వేషం. కుర్చీలు విరగ్గొట్టేవాడు, ముందు వరసలో ముసలమ్మల మీదికి ఉరిమేవాడు. ముసలమ్మలూ తక్కువ తినలేదు, గొడుగు కొనలతో పొడిచేవాళ్ళు. బస్సెక్కి తలుపు పడ్డాక మాత్రం నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఏటా రెండు మూడుసార్లు వచ్చి, కిటికీలోంచి దారి పక్క బోర్డులు చదువుతూ మన జపాను భాష నేర్చుకున్నాడు. అందుకే అతనికొచ్చిన మాటల్లో సగం మలుపులూ వంతెనలే.

“పెద్దాయనా, మీ ఆవిడ ఎలా ఉంది? రాళ్ళు పడును?”

“పడుతూనే ఉన్నాయి. మొన్న ఒకటి సూటిగా తగిలింది.”

“నెమ్మదిగా వెళ్ళుము,” అనేవాడు పైక్ గంభీరంగా.

జనం ముందు పైక్ తొకుజీని తోసే తతంగం మొదటి ఏడాదే మొదలైంది. యమగతలో వ్యాయామశాల ముందు బస్సాగింది. దిగుతూ పైక్ కాలు జారి, ఆసరాకని తలుపు పక్కన నిలబడ్డ తొకుజీ భుజం మీద చెయ్యి వేశాడు. తొకుజీ వెళ్ళి బురదమంచులో పడ్డాడు. టోపీ దొర్లుకుంటూ జనం కాళ్ళ మధ్యకు పోయింది. జనం హోరెత్తిపోయారు. మర్నాడు పత్రికలో బొమ్మ పడింది: పాపం డ్రైవరును కూడా వదలని ఎలుగు. కంపెనీ పెద్ద ఫోను చేసి, ఇకనుంచి రోజూ పడమన్నాడు.

ఆ రాత్రే ఇద్దరూ బస్సులో సాధన చేశారు. తొకుజీ మినోబె చేత చెప్పించాడు. “ముందు టోపీ, తర్వాత మనిషి. టోపీ ఎగిరితే జనం కళ్ళు దాని వెంట పోతాయి. ఈలోపు నేను మోకాళ్ళు వంచి మెత్తగా పడతాను. మీరు మాత్రం భుజం గట్టిగా పట్టుకుని తొయ్యండి. మెత్తగా తోస్తేనే ప్రమాదం, ఎటు పడాలో నాకు తెలీదు.”

సుమియెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. “కొండల్లో దుంగలు మీదికొస్తే తప్పుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో నలుగురి ముందూ మనిషి తోస్తే పడుతున్నారా?”

“దుంగ తర్వాత కమలాపండు పెట్టదు కదే.”

అది నిజం. ఆట ముగిసి బస్సెక్కగానే పైక్ ఒక కమలాపండు తీసి, కుడిచేతి బొటనవేలు గుచ్చి, తొక్క తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచి, సగం వెనకనుంచి తొకుజీ ముందుకు చాపేవాడు. తోసిన చెయ్యీ పెట్టిన చెయ్యీ ఒకటే. పన్నెండేళ్ళు ఆ చెయ్యి ఎంత బరువో, ఎక్కడ పడుతుందో తొకుజీ భుజానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పన్నెండో ఏడు చలికాలపు ఆటలకు వచ్చినప్పుడు పైక్ ఒక కాగితపు చుట్ట విప్పి చూపించాడు. వచ్చే వసంతంలో టోక్యో పెద్ద హాల్లో జరగబోయే పట్టం పోటీ పోస్టరు అది. అన్నేళ్ళూ మూలన అగ్గిపెట్టెంత ఉన్న అతని బొమ్మ ఈసారి నడిమధ్యకు వచ్చింది.

“చూడు. నా తల పెద్దది.”

“ఎప్పుడూ పెద్దదేగా.”

పైక్ నవ్వి పోస్టరు జాగ్రత్తగా చుట్టాడు. “వసంతం ఒక్కటి. తర్వాత ఇల్లు. సరస్సు, పడవలు. రోడ్డు సమాప్తం.”

ఆ వారంలోనే యొనెజవలో పైక్ చెయ్యి వచ్చి తొకుజీ భుజం మీద తడిగుడ్డలా వాలింది. వేళ్ళు కోటును పట్టుకోలేదు. తోపు లేదు. ఒక్క లిప్త తొకుజీకి ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా రెండు వందల మంది చూస్తున్నారు. అంతలో అతని కాళ్ళే నిర్ణయించుకున్నాయి. టోపీ ఎగిరింది, మనిషి పడ్డాడు.

ఆ సాయంత్రం కమలాపండు ఒలవకుండా వచ్చింది. తొకుజీ ఎర్రదీపం దగ్గర బస్సాపి తనే ఒలిచి, సగం వెనక్కి చాపాడు. పైక్ ఎడమచేత్తో అందుకున్నాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలవలేదు. ఆ విషయం గురించి ఆ రోజూ, ఆ తర్వాతా వాళ్ళ మధ్య ఒక్క మాట రాలేదు.

రోజురోజుకూ ఆ చేతిలో బలం తగ్గింది. తగ్గినకొద్దీ తొకుజీ పడటం పెరిగింది. సకతలో రెండు పల్టీలు కొట్టాడు. అకితలో మెట్ల దాకా దొర్లి మోకాలు చిట్లించుకున్నాడు, లాగు చిరిగి నెత్తురు కారింది. ఆ ఏడాది మొత్తానికి జనం అంతలా ఎన్నడూ తిట్టలేదు. పైక్ రొమ్ము విరుచుకుని లోపలికి నడిచాడు. తనలో లోటు ఎవరికీ కనబడలేదనుకున్నాడో, కనబడిందని తెలిసే నడిచాడో.

మర్నాడు దారిలో భోజనానికి ఆగినప్పుడు మినోబె తొకుజీని పక్క బల్లకు పిలిచాడు.

“ఆఫీసునుంచి ఫోను. పైక్ కుడిచెయ్యి ఆడటం లేదని ఎవరో మోశారట. నిజమైతే రేపే విమానం ఎక్కించమంటున్నారు. బరిలో నాకూ అనుమానంగానే ఉంది, అడిగితే ఆయన చెప్పడు. రోజూ ఆ చేతికి దొరికేది నువ్వే. ఏమంటావు?”

తొకుజీ గిన్నెలో పులుసు కలుపుతూ కూర్చున్నాడు. దెబ్బ తగిలి ముందుగా వెళ్ళినవాళ్ళను కంపెనీ మళ్ళీ పిలవడం అతను చూడలేదు. వాళ్ళు తీపిగా ఉత్తరాలు రాసేవాళ్ళు, వీళ్ళు తీపిగా జవాబు రాసేవాళ్ళు, అంతే. పోస్టరు మీద ఇంకో తల వస్తుంది. ఇంకెన్ని రోజులు? మూడు. మూడుసార్లు పడితే ఆటలు అయిపోతాయి. మిగిలిన చలికాలమంతా ఆ మనిషికి విశ్రాంతి. చెయ్యి దారికొస్తుంది, రాకపోతుందా. తొకుజీ వంగి లాగు కాలు పైకి చుట్టి మోకాలు చూపించాడు.

“ఇది చూసి మీరే చెప్పండి. చెయ్యి పడిపోయినవాడి పనేనా ఇది?”

మినోబె నాలుక చప్పరించాడు. “అబ్బ. ఎద్దు తొక్కినట్టుందేం.”

“ఎలుగండీ.”

మినోబె పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే లేచి ఫోను దగ్గరికి వెళ్ళాడు. తొకుజీ పులుసు చల్లారిపోయింది.

ఆ మర్నాడు నొషిరొ. అక్కడా పడ్డాడు, లేచాడు, టోపీ దులుపుకుని బస్సులోకి వచ్చి కూర్చున్నాడు. ఆట అతను ఎప్పుడూ చూసేవాడు కాదు. వాళ్ళు చెమటతో వచ్చేసరికి బస్సు వెచ్చగా ఉండాలని హీటరు చూసుకునేవాడు. వ్యాయామశాల లోపలి అరుపులు బస్సులోకి వినబడుతుంటే, ఎవరు గెలుస్తున్నారో వాటిని బట్టే తెలిసేది. ఆ రోజు అరుపులు సగంలో తెగిపోయాయి. ఓడినప్పుడూ గెలిచినప్పుడూ అలాంటి నిశ్శబ్దం ఉండదు. తొకుజీ హీటరు మీద చెయ్యి అలాగే ఉంచి విన్నాడు.

కాసేపటికి మినోబె చారల చొక్కాతోనే మంచులోకి వచ్చాడు.

“మామూలు పట్టే. ఇద్దరూ నూరుసార్లు పట్టినదే. అవతలివాడు ఎత్తి వేస్తున్నప్పుడు పైక్ వాడి నడుం పట్టుకోవాలి కదా, ఆ చెయ్యి జారిపోయింది. మెడ మీద పడ్డాడు.” చొక్కా మీది మంచు దులుపుకుని, “కాళ్ళు కదులుతున్నాయిలే,” అన్నాడు. మినోబె చూపు తొకుజీ మోకాలి మీదికి పోయింది.

పైక్ ఏడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. మెడలో ఎప్పటినుంచో నరం నలిగి ఉందట, పడటంతో మిగిలింది కూడా పోయిందట. నడవగలడు, కుడి కాలు కాస్త ఈడుస్తాడు. కుడిచేతి మీద ఇక ఆశ లేదన్నారు. వసంతం పోస్టరు మళ్ళీ అచ్చువేశారు. తొకుజీ మూడుసార్లు ఆసుపత్రి మెట్ల దాకా వెళ్ళి, మూడుసార్లూ వెనక్కి వచ్చాడు. మూడోసారి మినోబె మెట్ల మీద ఎదురయ్యాడు.

“ఆయనకు చెప్పేశాను,” అన్నాడు మినోబె. “నేనడగడం, నువ్వు మోకాలు చూపించడం, అంతా. దాచుకుంటే నాకు నిద్రపట్టలేదు.”

“ఏమన్నారు?”

“చాలాసేపు గోడకేసి చూశాడు. తర్వాత, మోకాలు మానిందా అని మన భాషలోనే అడిగాడు.”

“ఎలా అడిగారు?”

“ఎలా అంటే? అడిగాడు.”

“కోపంగానా?”

“నాకేం తెలుసు తొకుజీ. ఆయనకొచ్చినవి నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల్లో కోపమేదో జాలేదో నేనెలా పోల్చను?”

పైక్ కెనడా వెళ్ళే రోజున కారు పంపుతామంది కంపెనీ. తొకుజీ బ్రతిమాలి బస్సు తీసుకొచ్చాడు. ముప్ఫై సీట్ల బస్సులో ముగ్గురే. పైక్ తన మొదటి సీట్లోనే కూర్చున్నాడు. కుడిచెయ్యి మెడకు వేసిన గుడ్డ ఉయ్యాలలో ఉంది. బయల్దేరేముందు తొకుజీ దుకాణంలో ఒక కమలాపండు కొని ఎదుట అద్దం కింద పెట్టుకున్నాడు. ఒలిచి ఇస్తే ఎత్తిపొడిచినట్టుంటుంది, ఒలవకుండా ఇస్తే ఎగతాళి చేసినట్టుంటుంది. నరిత విమానాశ్రయం దాకా ఆ పండు మలుపు మలుపుకూ అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. బోర్డులు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. మలుపు, వంతెన, నెమ్మదిగా వెళ్ళుము. పైక్ ఒక్కటీ పైకి చదవలేదు.

క్షమించమనే మాట తొకుజీ నాలుక చివర నాలుగైదుసార్లు ఆడింది. అద్దంలోకి చూసినప్పుడల్లా పైక్ కిటికీలోకి చూస్తున్నాడు.

విమానాశ్రయం తలుపు దగ్గర పాతికమంది అభిమానులు కెమెరాలతో నిలబడి ఉన్నారు. బస్సు ఆగగానే అలవాటుగా తిట్లు మొదలుపెట్టారు. ఎలుగు చేతికి కట్టు ఉంటేనేం, ఎలుగు ఎలుగే.

“ఇవాళ దిగకు,” అన్నాడు మినోబె గొంతు తగ్గించి. “లోపలే ఉండు.”

“దిగుతానండీ.”

తొకుజీ దిగి, టోపీ సర్దుకుని, తలుపు పక్కన నిలబడ్డాడు. పన్నెండేళ్ళూ నిలబడ్డ కుడివైపున కాదు, ఎడమవైపున.

పైక్ మొదటి మెట్టు మీదకు వచ్చి ఆగాడు. ఖాళీగా ఉన్న కుడివైపు చూశాడు. తర్వాత ఎడమవైపు నిలబడ్డ మనిషిని చూశాడు. ఒక్కో మెట్టే, కాలు ఈడుస్తూ దిగాడు. ఎడమచెయ్యి పైకి లేచింది. తొకుజీ మోకాళ్ళు వంచి కళ్ళు మూసుకున్నాడు. ఎంత గట్టిగా తోస్తే అంత బాగుండుననుకున్నాడు. ముందు టోపీ.

టోపీ తలమీదనుంచి లేచిపోయింది. భుజం మీద మాత్రం ఏ బరువూ పడలేదు.

కళ్ళు తెరిచేసరికి పైక్ చేతిలో టోపీ ఉంది. దాన్ని గుడ్డ ఉయ్యాలలో, చచ్చుపడిన చెయ్యి మీద పెట్టుకున్నాడు. ఆ మొహంలో ఏముందో గడ్డం చాటున తెలియలేదు.

“దొంగ ఎలుగూ, డ్రైవరు టోపీ ఇచ్చెయ్,” అని ఎవరో అరిచారు. అందరూ ఉత్సాహంగా అందుకున్నారు. కెమెరాలు తళుక్కుమన్నాయి. తొకుజీ ఇంకా మోకాళ్ళు వంచే ఉన్నాడు, పడటానికి సిద్ధంగా. పైక్ జనాన్ని ఎడమభుజంతో చీల్చుకుంటూ కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. గాజు తలుపులు రెండుపక్కలకూ తొలిగాయి. అతను వెనక్కి చూడలేదు. తలుపులు మూసుకున్నాయి.