గురక మంచిదని రాసింది నేనే

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి నేను ఇంట్లో కూర్చునే పని చేస్తాను. ఇంగ్లీషులో వచ్చిన కరపత్రాలను తెలుగులో రాసి, టైపు చేసి పంపాలి. కోచింగ్ సెంటర్లు, చీరల షాపులు, పళ్ల డాక్టర్లు, ఏదొస్తే అది. రెండేళ్ల కిందట ఒక పరుపుల షాపుది వచ్చింది. పరుపుల గురించి నాలుగు ముక్కలు, మిగతాదంతా నిద్ర మీద సలహాలు. గురక గాఢనిద్రకు గుర్తు, దాని గురించి కంగారు అక్కర్లేదు అని ఒకచోట ఉంది.

నాకు అనుమానం వచ్చి ప్రెస్ యజమానికి ఫోన్ చేశాను.

"మనం డాక్టర్లమా మేడం? వాళ్లు ఏం రాసిస్తే గదే దించుండ్రి" అన్నాడు.

దించాను. పైగా వాక్యం చప్పగా ఉందని నా తెలివి కూడా కాస్త కలిపాను: "గురకపెట్టి నిద్రపోయేవాణ్ని మించిన అదృష్టవంతుడు లేడు!"

మేముండేది ఎల్బీనగర్‌లో, ఒక ఇంటి పై అంతస్తులో. మావాళ్లది గుంటూరు వైపు. ఓనర్లది సరూర్‌నగర్ పాత కుటుంబం. ఒకప్పుడు పొలాలు చేసేవారు, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ఓనరు అంకుల్ ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతాడు. కటింగ్ షాపులో, పేపరు చదువుతూ, చివరికి ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ కూడా. ఆయన గురక మా గదిలోకి వినపడేది.

ఒక ఆదివారం పొద్దున కూరగాయలకని కిందికి దిగితే అంకుల్ నన్ను ఆపాడు. చేతిలో కరపత్రం. పేపర్లో పెట్టి వేశారట. పక్కనే ఆంటీ గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తోంది.

"దవాఖానకు పో పో అని మీ ఆంటీ రోజు నా పానం దీస్తది. గీ కాయిదంల ఏం రాసిన్రో సూడు బిడ్డా" అని పెద్దగా చదివాడు. అదృష్టవంతుడి దగ్గర గొంతు ఇంకా పెంచాడు.

ఆంటీ తల ఎత్తకుండా, "నడుమ నడుమ ఊపిరి ఆగుతదని గూడ రాసిన్రా అండ్ల?" అని అడిగింది.

రాయలేదు. నేను సంచీ సర్దుకుంటూ గేటు దాటేశాను. ఆ కాగితం వాళ్ల ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కింది.

మూడు వారాల తర్వాత, మిట్టమధ్యాహ్నం, అంకుల్ స్కూటర్ మీద సిగ్నల్ దగ్గర ఆగాడు. ఎర్రలైటు పచ్చగా మారేలోపు నిద్రపోయి, బండితో సహా పక్కకి ఒరిగాడు. పక్కనున్న ఆటో అతను లేపి కూర్చోబెట్టాడట. మోచెయ్యి, మోకాలు గీరుకున్నాయి, అంతే. నేను చూడటానికి వెళ్లేసరికి అంకుల్ నవ్వుతున్నాడు.

"ఎండకు జర కండ్లు మూసిన, గంతే."

"ఆగిన బండి కాబట్టి గింతల వోయింది. ఉరికే బండైతే?" అంది ఆంటీ.

ఇక ఆగలేకపోయాను. "అంకుల్, ఆ కాగితం రాసింది నేనేనండీ. అందులో ఉన్నది తప్పు."

"అచ్చయింది గద బిడ్డా."

"అచ్చయితే నిజమైపోదండీ. నాకేమీ తెలియకుండా రాసేశాను. ఆ అదృష్టవంతుడి మాటైతే వాళ్లిచ్చింది కూడా కాదు, నేను కల్పించింది."

ఇల్లు ఖాళీ చేయమంటాడేమో అనుకున్నాను.

"మంచిగనే రాసినవ్ గని" అన్నాడు.

మర్నాడు ముగ్గురం మలక్‌పేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు అంకుల్‌ని అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆంటీయే జవాబు చెప్పింది. నిద్రలో ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు? గురకపెట్టే అందరికీ జబ్బు ఉండదని, కానీ మధ్యలో ఊపిరి ఆగుతూ పగలు కునుకు వస్తుంటే చూపించుకోవాలని డాక్టరు చెప్పింది. పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. ఊపిరి ఆగినప్పుడల్లా నిద్ర తెగుతోందట. ఆయన ఏళ్ల తరబడి సరిగ్గా పడుకోనేలేదన్నమాట.

ముక్కుకి తగిలించుకునే మిషన్ ఇచ్చారు. మొదటి వారం దాన్ని తిట్టని తిట్టు లేదు. రెండో నెలకల్లా పగటి కునుకులు పోయాయి. దాంతో మాకు కొత్త చిక్కొచ్చింది. మధ్యాహ్నమంతా మెలకువగా ఉండి మోటార్ ఎవరు వేశారు, చెత్తబుట్ట బయట ఎవరు పెట్టారు అని లెక్కలు తీయసాగాడు.

ఆ కరపత్రాలు పంచడం ఆపమని చెప్పడానికి పరుపుల షాపుకి నేను ఒక్కదాన్నే వెళ్దామనుకుంటే అంకుల్ కూడా వచ్చాడు. షాపు ఓనరు ముందు వినలేదు. అంకుల్ మోచేతి మీది మచ్చ చూపించి, సిగ్నల్ కథంతా చెప్పాడు. పరుపు కొనడానికి వచ్చిన దంపతులు కూడా ఆగి విన్నారు. ఆ ఇల్లాలు భర్తవైపు తిరిగి, "విన్నారా?" అంది. షాపు ఓనరు మెత్తబడ్డాడు. మిగిలిన కట్టలు బయటికి తీయించాడు. అంకుల్, నేను చెరో స్టూలు మీద కూర్చుని, బాల్‌పెన్నులతో గురక మీదున్న ఆ రెండు వాక్యాలనూ ఒక్కో కాగితం మీదా కొట్టేశాం. సగంలో టీ తెప్పించారు. మావాళ్లలో గురక ఎవరెవరికుందో అంకుల్ ఒక్కొక్కరినే అడుగుతుంటే, నేను మా మేనమామల పేర్లు చెబుతూ కొట్టేస్తూ పోయాను.